ఇసుకలో లేవని తాబేలు

పొద్దున్నే ఎల్సినా పెండలం దుంపలు నిప్పుల్లో కప్పి, ముంగిట్లోని నల్ల ఇసుకను అరచేత్తో చదును చేసింది. ఆంబ్రిమ్ దీవిలో కథను నోటితోనే కాదు, వేలితోనూ చెబుతారు. ముందు అడ్డంగా, నిలువుగా గీతలు వేసుకుని, వాటి చుట్టూ వేలెత్తకుండా ఒకే గీత తిప్పుతూ కథ నడపాలి. ఆ గీత బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. వస్తే, బొమ్మ లేచి తన దారిన పోతుంది. అలా లేచిన ఇసుక కోళ్లు వంటపాకలో దూరితే పిల్లలు అదిలిస్తారు, అంతే. కుదరని బొమ్మ మాత్రం వానకు కూడా చెరగదు.

ఎల్సినా ముంగిలి నిండా అలా చెరగని తాబేళ్లే. ఆమె భర్త అబెల్ కిందటేడు చేపలకని వెళ్లి తిరిగి రాలేదు. రోజూ ఆమె తాబేలు బొమ్మగా గీసేది ఆ కథే. అబెల్ పడవ దగ్గర వేలు పెట్టేది. గీత రేవు దాటి, పగడపు దిబ్బ దాటి, నడిసముద్రంలో ఆగిపోయేది. అతను పోయినప్పటినుంచి ఆమె నీళ్లలో కాలు పెట్టలేదు.

పడవ నడిపే కాల్సన్ రేవులోంచి కేకేశాడు. "వదినా, ఇవాళైనా వస్తావా? అవతల మలెకులా దీవిలో మీ చెల్లికి నెలలు నిండాయి. కనిపించినప్పుడల్లా అక్కేదీ అని నా ప్రాణం తీస్తోంది. తుఫాన్ల కాలం వచ్చేసింది, ఇవాళ తప్పితే మళ్లీ వానలు తగ్గేదాకా పడవ కదలదు."

"కథ పూర్తి కానీ, వస్తాను."

"నీ కథ పూర్తయ్యేసరికి ఆ బిడ్డకు గడ్డం వస్తుంది!"

అబెల్ మేనత్త మేరియన్ తాబేళ్లను తొక్కకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చి కూలబడింది. "కాలు పెట్టే చోటు లేకుండా చేశావు కదే అమ్మాయ్. ఏదీ, గియ్యి."

ఎల్సినా పడవ దగ్గర వేలు పెట్టింది.

"ఆగు. ఎవరిదీ కథ?"

"మాదే అత్తా."

"పడవ వాడిది. వాడి కథ వాడితోనే అయిపోయింది, నువ్వెంత లాగినా అక్కడే ఆగుతుంది. ఇందులో నువ్వెక్కడున్నావు?"

"ఒడ్డున."

"మరి వేలు అక్కడ పెట్టవేం?"

ఎల్సినా పడవ దగ్గరనుంచి వేలు తీసింది. తర్వాత ఒడ్డు దగ్గర వేలు ఆనించింది. "మలెకులా నుంచి ఒక పిల్ల ఈ రేవులో దిగింది," అని మొదలుపెట్టింది. "చెల్లెలు చెయ్యి వదలనంటే విడిపించుకుని మరీ వచ్చింది." గీత చామ తోటల్లోకి వెళ్లింది, పెళ్లి చుట్టూ తిరిగింది, అబెల్ పడవను చేరింది. దిబ్బ దాటింది. ఈసారి ఆగలేదు. అతన్ని మధ్యలో ఉంచి, చుట్టి, పొయ్యి వెలగని రోజుల మీదుగా ఒడ్డుకు వచ్చేసింది.

ఆమె ఏడవలేదు. "ఇంతేనా?" అంది.

తాబేలు ఒళ్లు విదుల్చుకుని లేచింది. సముద్రం వైపు నడిచింది. పాతవన్నీ దాని వెనకే బారులు తీరాయి.

"అమ్మయ్య, ఇక ఊడ్చుకోవచ్చు," అంది మేరియన్.

"అత్తా, నిప్పుల్లో దుంపలు..."

"నేను తింటాలే, నువ్వు పో!"

అల చీలమండలకు తగిలినప్పుడు ఎల్సినా ఒక్క క్షణం నిలబడింది. తాబేళ్లు నీళ్లలో మునిగాయి. ఆమె మోకాళ్లలోతుకు నడిచింది. కాల్సన్ చెయ్యి అందించాడు.

"చివరికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావు వదినా?"

"ఇక్కణ్ణుంచే," అంది ఆమె రేవును చూపిస్తూ. "నేను దిగిన చోటు."

పడవ కదిలింది.