మిల్లు మలుపు బస్తాలు

నితిన్‌గాని బొక్కలు ఇరగాలె. దానికోసమే నేను ఆరేండ్ల తర్వాత మళ్ల గో-కార్టు ఎక్కిన. కప్పు కోసం కాదు, సరదాకు అసలే కాదు. అడిగినోళ్లకు మాత్రం "బగ్గ దినాలైంది, ఒక్కసారి తోలబుద్ధైతుంది" అని చెప్పిన.

నా ఎడమ భుజంల ఇంకా స్టీలు పట్టీ ఉంది. చలికాలమొస్తే లోపటికెల్లి గుంజుతది. నా బిడ్డ సంజనను ఆ చేత్తోని ఒక్కనాడు ఎత్తుకోలే. పోరికి కూడ అలవాటైంది, ఎత్తుకోమని వస్తే తిరిగి కుడి దిక్కే వస్తది. అట్ల వచ్చినప్పుడల్లా నాకు నితిన్‌గాడే యాదికొస్తడు. కడుపు మండిపోతది.

మా బాన్సువాడల రుద్రూర్ రోడ్డు మీద ఒక వెంచర్ ఉంది. రోడ్లేసిండ్రు గని ప్లాట్లు అమ్ముడుపోలే. ఆ ఖాళీ రోడ్ల మీదనే మా రేసులు. బండ్లు గఫూర్ భాయ్ చేస్తడు. పైపులు వెల్డింగ్ పెట్టి, పాత స్కూటర్ ఇంజన్ బిగించి, నేలకు జానెడెత్తుల సీటు పెడ్తడు. మలుపుల కాడ రైస్ మిల్లుల ఊక నింపిన బస్తాలు పేరుస్తం. బండి జారిపోయి తాకినా మెత్తగ ఆగాలె. అందుకే రేసుకు ముందు తోలేటోళ్లల్ల ఒకరు ప్రతి మలుపు కాడికి పోయి, బస్తాలను కాలుతోని తన్ని చూసి, అందరి ముందట "మంచిగున్నయ్" అని చెప్పాలె. ఆ మాట వినందే గఫూర్ భాయ్ రుమాలు ఊపడు.

ఆరేండ్ల కింద ఆ మాట చెప్పింది నితిన్. ముందటి రోజంత వాన. మిల్లు దిక్కున్న మలుపు కాడ వాడు నా వెనక చక్రాన్ని గుద్దిండు, నేను పోయి బస్తాలకు తాకిన. ఊక నీళ్లు తాగి బండరాయై కూసుంది. నా బొక్క ఇరిగిన చప్పుడు హెల్మెట్ లోపల నాకే వినొచ్చింది. మొగపోరగాండ్ల ఆటల దీనికేం పని అని ఊరంత నన్నే తిట్టింది. దవాఖానల పండుకొని నేను ఒక్కటే అనుకున్న. వానికి తెలుసు. తెలిసే మంచిగున్నయన్నడు, తెలిసే గుద్దిండు.

మొన్న నేను పోతే గఫూర్ భాయ్‌కు మస్తు సంబురమైంది. "సింధుజ బేటీ, ఇయ్యాల బస్తాలు నువ్వే తన్ను" అన్నడు. నితిన్ దగ్గరికొచ్చి "అక్కా, భుజం ఎట్లుంది?" అని అడిగిండు. వాని మూతి పగలగొట్టాలనిపించింది.

"బతికే ఉన్న గదరా. పో, తోలుపో" అన్న.

రాత్రి వాన పడ్డది. మొదటి మలుపు బస్తాల మీద వానకు తడ్వకుండ ఏసిన ప్లాస్టిక్ తాడిపత్రి కప్పే ఉంది. తన్నితే కాలు సగం దిగవడ్డది. మిల్లు మలుపు కాడ తాడిపత్రి గాలికి లేచి బురదల పడ్డది. ఆడ తన్నిన. బొటనవేలు నుంచి మోకాలి దాక జివ్వుమన్నది, బస్తా మాత్రం కదల్లే. ఇంకోటి తన్నిన. అదీ గంతే. అప్పుడు ఒంగి, తాడిపత్రి తీసి బస్తాల మీద కప్పిన. తడి ఎవ్వనికి కనవడొద్దు.

కుంటకుండ నడిచి వచ్చిన.

"ఎట్లున్నయ్ బేటీ?"

"మంచిగున్నయ్ భాయ్."

పోయి బండిల కూసున్న, హెల్మెట్ బిగించిన.

రుమాలు లేచింది. అడ్డమొచ్చిన మొదటోన్ని బంపరుతోని గుద్ది మట్టిలకు నూకిన. వాడు బూతులు తిట్టిండు, నేను అంతకంటే పెద్దయి తిట్టిన. ఇగ నితిన్ వెనక పడ్డ. సాఫ్ రోడ్డు మీద ఒకసారి గుద్దిన, కమ్మి కమ్మికి తాకి నిప్పులు రాలినయ్. మళ్ల గుద్దిన. వాడు చెయ్యి లేపి ఏంది అన్నట్టు ఊపిండు. గుద్దిన కుదుపుకు నాలుక కర్సుకొని నోట్ల నెత్తురొచ్చింది, ఉమ్మలే, మింగిన. భుజం కాడ కత్తి పెట్టి తిప్పినట్టైతుంటే యాక్సిలరేటర్ ఇంకా తొక్కిన. నొప్పి లేస్తే ఇంకా మంచిదే, వాన్ని మర్సిపోను అనుకున్న.

ఆఖరి రౌండుల మిల్లు మలుపు కాడ వాని వెనక చక్రం నా ముందటికొచ్చింది. ఉన్న జోరంత పెట్టి గుద్దిన.

వాని బండి గిర్రున తిరిగి బస్తాలకు తాకింది. బస్తా పగల్లే, జరగలే. బండి ముందటి భాగం మడతవడి వాని కాలి మీదికొచ్చింది. వాడు అరిసిన అరుపు ఇంజన్ల మోతల కూడ వినొచ్చింది. అబద్ధమెందుకు, నా పానం సల్లవడ్డది.

దిగి పోయిన. మోకాలి కింద బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. వాని కాలర్ వట్టి గుంజిన.

"ఎట్లుంది? మంచిగున్నయా బస్తాలు? ఆనాడు గట్టిగున్నయని తెలిసే చెప్పినవ్ గదరా."

"లేదక్కా" అన్నడు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. "నేను తన్ననే లేదు."

చెంప మీద ఒక్కటిచ్చిన. "అబద్ధమాడితే రెండో కాలు కూడ ఇరగ్గొడ్త."

"నీ మీదొట్టక్కా. అంత బురదుండె. కొత్త బూట్లేసుకున్న. దూరంకెల్లి చూసి మంచిగున్నయని చెప్పిన. మెత్తగుంటయనే గుద్దిన." ఏడుస్తుండు. "ఆరేండ్ల సంది చెప్దామనుకుంటున్న. నీ మొఖం చూడ శాతకాలే."

నా చేతుల వాని కాలర్ అట్లనే ఉంది. ఇడుద్దామంటే వేళ్లు రాలే. బూట్లు. ఇన్నేండ్లు నేను పగ పట్టింది ఒక జత బూట్ల మీద.

గఫూర్ భాయ్ ఉరికొచ్చిండు. ముందుగాల వాని కాలు చూసిండు, ఎన్క తాడిపత్రి గుంజి పారేసిండు. బస్తాను అరచేత్తోని ఒత్తితే నీళ్లు కారినయ్. నా దిక్కు తిరిగిండు.

"బేటీ, నువ్వు తన్నలేదా?"

తన్నలే అంటే అయిపోతుండె. నితిన్ చెప్పిన మాటే నేనూ చెప్తే సరిపోతుండె, ఎవ్వరు కాదనకపోదురు. నితిన్ కూడ ఏడుపు ఆపి నా దిక్కే చూస్తుండు, నేను అట్లనే చెప్పాలని ఉన్నట్టుంది వానికి.

"తన్నిన భాయ్" అన్న.

గఫూర్ భాయ్ రేసుకు ఊపే ఆ రుమాలుతోనే నితిన్ తొడకు గట్టిగ కట్టిండు. నేను వాని తల పట్టుకుందామని ఒంగితే భాయ్ నా చెయ్యి పక్కకు నెట్టేసిండు.