తుప్పు మరక

ఆ ఇంట్లో మనుషులకు జలుబు చేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు కానీ, లినెన్ బట్టలకు తేమ తగిలిందంటే మాత్రం ఇల్లంతా ఏకమయ్యేది. అత్తగారు పెళ్ళికి ముందు రెండేళ్ళు కూర్చుని, అంచులన్నీ స్వయంగా కుట్టుకున్న సెట్టు అది. ఒక పెద్ద టేబుల్ క్లాత్, దానికి జోడీగా పన్నెండు చేతిరుమాళ్ళు, నాలుగు దుప్పట్లు. అన్నీ తెలుపే. వాటి మీద తిన్నవాళ్ళనీ పడుకున్నవాళ్ళనీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటికి సేవ చేసిన మనిషి మాత్రం ఒకతి ఉంది.

ఆ మనిషి పెద్దకోడలు. పంతొమ్మిదేళ్ళుగా మూడు నెలలకోసారి బీరువా ఖాళీ చేస్తోంది. గోరువెచ్చని నీళ్ళలో, మెత్తటి సబ్బుతో, పిండకుండా, పసిబిడ్డకు స్నానం చేయించినట్టు ఉతకాలి. దాచేటప్పుడు గంజి ఉండకూడదు, పురుగు పడుతుంది. పాత మడత మీదే మళ్ళీ మడిస్తే అక్కడ పోగులు తెగుతాయి కాబట్టి ప్రతిసారీ మడత మార్చాలి. ఇదంతా అయ్యేసరికి ఆవిడకు తల ప్రాణం తోకకు వచ్చేది. ఈమధ్య వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, సబ్బునీళ్ళు తగిలితే చాలు భగ్గుమంటోంది. ఇక నావల్ల కాదని చెబుదామనుకునేది. మాట నోటిదాకా వచ్చేది, అత్తగారి మొహం చూసి మింగేసేది.

ఈ చాకిరీ తప్పే దారి ఒక్కటే. మరక మిగిలిన బట్ట మళ్ళీ బీరువా ఎక్కకూడదన్నది అత్తగారి నియమం. పెద్ద క్లాతు అలా బీరువా దిగిందంటే జోడీ చెడినట్టే. సెట్టంతా రోజువారీ వాడకంలో పడి వాషింగ్ మెషీన్ పాలవుతుంది. కానీ పెద్దకోడలు ఇన్నేళ్ళలో ఒక్క మరకనీ మిగలనివ్వలేదు. ఆ పనితనమే ఆవిడ కొంప ముంచింది.

ఆ రోజు తోడికోడలు సాయం చేస్తానని ముచ్చటపడింది. తాడు మీద చోటు చాలక, పెద్ద క్లాతును తీసుకెళ్ళి కిటికీ ఇనప ఊచల మీద ఆరేసింది. మధ్యాహ్నానికల్లా తెల్లటి గుడ్డ నడిమధ్యన మూడు గోధుమరంగు చారలు తేలాయి.

"అక్కా, అత్తయ్య నన్ను చంపేస్తారు. బ్లీచింగ్ వేసి రుద్దేయనా?"

"వద్దు, వద్దు. బ్లీచింగ్ తగిలితే తుప్పు ఇంకా బిగుసుకుంటుంది," అంది పెద్దకోడలు అలవాటుకొద్దీ.

తుప్పుకు మందు ఆవిడకు తెలుసు. నిమ్మరసం, ఉప్పు, కాసేపు ఎండ. కాపురానికి వచ్చిన ఏడాది అత్తగారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. వంటింట్లో నిమ్మకాయలున్నాయి. బయట ఎండ మండిపోతోంది. లేనిదల్లా ఓపికే.

"ఏమిటే ఆ గుసగుసలు?" అంటూ అత్తగారు రానే వచ్చింది. గుడ్డను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నేనే అత్తయ్యా, ఊచల మీద ఆరేశాను," అంది చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని.

అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగింది.

"పోతుందా?"

పెద్దకోడలు గుడ్డను రెండు చేతుల్లోకీ తీసుకుంది. పగుళ్ళలోకి నిమ్మరసం దిగితే ఎలా ఉంటుందో తలుచుకుంది. మళ్ళీ మూడు నెలలకు ఇదే తంతు, ఆపైన మళ్ళీ. నిలబడ్డచోటే ఏడుపొచ్చేలా ఉంది.

"ఏమో అత్తయ్యా. తుప్పు మరక తీయడం నాకు రాదు."

చిన్నకోడలు నోరెళ్ళబెట్టింది. పెద్దకోడలికి అబద్ధమాడటం కూడా సరిగ్గా చేతకాలేదు, మాట అంటూనే చూపు వంటింటి వైపు పోయింది.

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గుడ్డను పట్టుకున్న చేతులకేసి చూసింది. ఎర్రగా విచ్చుకున్న వేళ్ళ సందుల దగ్గర ఆ చూపు ఆగింది. దగ్గరికొచ్చి, గుడ్డను మెల్లగా తన చేతుల్లోకి లాక్కుంది.

"నాకూ రాదమ్మా," అంది. "ఈ పూట నుంచే బల్ల మీద పరిచేద్దాం."