తాడు చివరి పిల్ల

అక్టోబరు తొమ్మిదో తేదీ పొద్దున ఆ అమ్మాయి తిన్నది ఉడికించిన గుడ్డులో తెల్లసొన, అదీ సగం. పచ్చసొన కంచం అంచున వదిలేసి, "ఆలస్యమైపోయింది నాన్నా" అంటూ బూట్లు తొడుక్కుంది. కిందటేడాది అదే కంచంలో నాలుగు గుడ్లు మాయం చేసి, తండ్రి కంచం వైపు ఆశగా చూసిన పిల్ల!

తండ్రి బళ్ళో డ్రాయింగు మాస్టారు. భార్య పోయాక ఇంటి సరుకులన్నీ ఆయనే తెస్తున్నాడు. బాత్రూమ్ అలమరలో నెలనెలా కూతురి కోసం ఒక పొట్లం పెట్టేవాడు. ఆ మాట ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. వేసవిలో పెట్టిన పొట్లం ఇంకా విప్పకుండానే ఉంది. అది కంటపడినప్పుడల్లా అడుగుదామనుకునేవాడు. అడగకుండానే అలమర మూసేసి వచ్చేసేవాడు.

ఆ పిల్ల తాడులాగుడు జట్టులో చివరి మనిషి. జట్టుకి ఎనిమిది మంది. అందరి బరువూ కలిపి ఒక హద్దు దాటకూడదు. దాటితే ఆ విభాగం పోటీలో చోటుండదు. జట్టులో ఆమెని గున్న ఏనుగు లెక్కన గున్న అంటారు, అందరికన్నా ముందు నిలబడే బక్కపిల్లని చీమ అంటారు. రెండూ ముద్దుపేర్లే. కానీ గున్న అన్నది మాత్రం ఆ పిల్లకి అద్దం ముందు కూడా వినబడేది.

"అందరిదీ కలిపి తూస్తారు నాన్నా," అంది ఒకసారి, ఎందుకు తినవని ఆయన గట్టిగా అడిగితే. "నేను తింటే ఇంకొకళ్ళ వాటా తిన్నట్టే."

ఆ రోజు తిండిడబ్బా కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది. సాయంత్రం బడి విడిచాక మాస్టారు దాన్ని పట్టుకుని మైదానానికి వెళ్ళాడు.

అక్కడ ఎత్తయిన స్తంభానికి ఒక కప్పీ, దాని మీదుగా దిగిన తాడుకి ఇసుక నింపిన ఇనప పీపా. ఎనిమిది మందీ కలిసి లాగితే అది లేస్తుంది. ఆయన వెళ్ళేసరికి పీపా గాల్లో ఉంది.

ఆయన ఉన్నచోటే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా పిల్లలకి మనిషి బొమ్మ గీయడం నేర్పుతున్నాడు గానీ, ఎనిమిది ఒళ్ళు ఒక్క గీతగా వాలడం ఎప్పుడూ చూడలేదు. చివర తన కూతురు. తాడు ఆమె వీపు మీదుగా భుజం చుట్టి దిగుతోంది. ఇంట్లో ఎవరికో అడ్డమన్నట్టు గోడవార ఒదిగి నడిచే పిల్ల ఇక్కడ నేలలో దిగ్గొట్టిన మేకులా ఉంది. నా బిడ్డేనా అనుకున్నాడు.

అంతలో ఆ మేకు కదిలింది. మోకాళ్ళు మడతపడ్డాయి, తల వాలిపోయింది.

"వదలొద్దే! గున్న తాడులో ఉంది!" చీమ కేక పెట్టింది.

వదిలితే పీపా దభాలున పడి, తాడు ఆ పిల్లని ఈడ్చుకుపోతుంది. పీపా బెత్తెడు దిగింది. ఆగిపోయింది. మడమలు నేలని దున్నుతున్నాయి, అరచేతులు మండుతున్నాయి, ఏడుగురిలో ఒక్కరూ పట్టు సడలించలేదు. కోచ్ మేడమ్ పరుగున వచ్చి గున్న భుజం మీంచి తాడు తప్పించేదాకా ఆ పీపా అలాగే గాల్లో నిలబడింది.

గడ్డి మీద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు చల్లాక మేడమ్ అడిగింది: "పొద్దున ఏం తిన్నావే?"

"గుడ్డు... సగం."

"నెలసరి వస్తోందా?"

మాస్టారు వంగి, మూసే ఉన్న డబ్బా మూతని మళ్ళీ నొక్కాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. మాస్టారు ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాటని మేడమ్ టైమెంతైందని అడిగినంత మామూలుగా అడిగేసింది. ఆవిడకి ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"రేపే డాక్టరు దగ్గరికి. ఆవిడ సరేననేదాకా తాడు ముట్టుకోకు. నీ చోటు ఎక్కడికీ పోదు."

చీమ తల దించుకుంది. "మేడమ్, నేనూ రాత్రిళ్ళు తినట్లేదు. గున్నకి చోటు మిగలాలని."

గున్న కళ్ళు పెద్దవి చేసి లేచి కూర్చుంది. "ఎవరు మిగల్చమన్నారే నిన్ను? నీ కోసం నేను మాడుతుంటే!"

"బాగుంది వరస!" అంది మేడమ్. "అందరూ మాడిపోతే తాడెవరు లాగుతారు, గాలా? ఈసారి పై బరువు విభాగంలో దిగుదాం."

"అక్కడ ఓడిపోతాం మేడమ్."

"ఓడితే ఓడదాం. కడుపునిండా తిని ఓడదాం."

మర్నాడు డాక్టరు పరీక్షలు రాసి, వారం వారం రమ్మని చెప్పి, మాస్టారితో విడిగా అంది: "ఇది ఒక్క రోజులో తేలేది కాదండీ. వండి పెట్టండి, పక్కన కూర్చుని మీరూ తినండి. పిల్ల ముద్దలు మాత్రం లెక్కపెట్టకండి."

ఆ రాత్రి చీమ కూడా వచ్చి భోంచేసింది, కబుర్లాడుతూ రెండోసారి వడ్డించుకుంది. గున్న కొంచెమే తిన్నది. మాస్టారు కంచం వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డాడు.

చీమ వెళ్ళిపోయాక ఆయన పక్క మీద వాలబోతుంటే వంటింట్లో మూత చప్పుడైంది. తన గది గుమ్మంలోంచే చూశాడు. కూతురు దీపం కింద నిలబడి గుడ్డు పెంకు వలుస్తోంది. తెల్లసొన తిన్నది. పచ్చసొన దగ్గర ఆగింది. దాన్ని వేళ్ళతో పట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడం చేసి, మడమలు నేలకి ఆనించింది. నిన్న మైదానంలో నిలబడ్డట్టే. ఆ పీపా కన్నా ఇదే బరువని ఆయనకి అప్పుడు తెలిసింది. ఇంత బరువుని ఈ పిల్ల పూటపూటా ఒంటరిగా ఎత్తుతోందా!

ఇక చూడలేదు. తన గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.