రెండు మీటర్ల తీగ

వారంలో మూడో లేజర్ కూడా చచ్చేసరికి మేనేజరు ఎవరినీ అడక్కుండా కస్టమర్‌కి రిపోర్టు పంపేశాడు. తప్పంతా పవర్ సప్లైదేనట. అంటే దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరుది, ఆమెది. ఆ ముక్క పక్క సెక్షన్ వాళ్ళు చెబితే తెలిసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఏడు నెలలు ఆ సప్లైతోనే కుస్తీ పట్టింది. గోరంత లేజర్ చిప్‌లోకి రెండు వందల ఆంపియర్ల కరెంటును సెకనులో ఐదువేలవ వంతు సేపు పంపి, టక్కున ఆపేయాలి. ఆపేటప్పుడు కాస్త వెనక్కి తన్నినా చిప్ మాడి మసైపోతుంది. తీగ పొడవైన కొద్దీ ఆ తన్ను పెరుగుతుంది. అందుకే సప్లైకీ లేజర్‌కీ మధ్య తీగ జానెడు మించకూడదని డ్రాయింగు మీద ఎర్రసిరాతో రాసింది.

నేరుగా ల్యాబ్‌లోకి వెళ్ళి లేజర్ క్యాబినెట్ వెనక తలుపు తీసింది. రెండు మీటర్ల తీగ చుట్టలు చుట్టుకుని ఉంది.

"ఇదెవరు వేశారు బాబాయ్?"

ల్యాబ్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే పాత టెక్నీషియన్ తల దించుకున్నాడు. "నేనేనమ్మా. చూడ్డానికి బాగుండాలి, సప్లై కింది అరలో పెట్టమన్నారు మేనేజరు సారు. నువ్వు వద్దని రాశావని చెప్పాను. తీగ తీగే కదా అన్నారు."

లేజర్ బదులు మామూలు డయోడ్లు తగిలించి ఇద్దరూ పరీక్ష చేశారు. జానెడు తీగతో, కరెంటును గీతగా చూపే ఆసిలోస్కోప్ తెర మీద గీత గోడలా లేచి గోడలా దిగింది. రెండు మీటర్ల తీగతో దిగేటప్పుడు సున్నా దాటి కిందికి దూకింది. మేనేజరును పిలిచి చూపించింది.

"సరే, తీగ మార్చేయండి. ఇక సాగదీయకు," అన్నాడాయన.

"మరి రిపోర్టు?"

"ఇంత చిన్న విషయానికి ఎందుకమ్మా రాద్ధాంతం?"

"నా నెత్తిన రుద్దేటప్పుడు చిన్నదనిపించలేదా సార్?"

ఆయన వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆమె మొదటి రిపోర్టు అందుకున్న పదకొండు మందికీ పంపడానికి, తెర మీది ఆ రెండు గీతల బొమ్మలతో ఉత్తరం తయారుచేసింది.

"నా మాట కూడా రాయి తల్లీ. వేయమన్నదెవరో నేను చెబుతా," అన్నాడు బాబాయ్.

"రిటైర్‌మెంటు రెండేళ్ళలో పెట్టుకుని మీకెందుకండీ?"

"వేసిన చెయ్యి నాదే కదమ్మా. మూడు లేజర్లు పోయాయి. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు."

రాసి పంపింది. మర్నాడే కస్టమర్ ఇంజనీరు ఆమెకే ఫోన్ చేశాడు. తీగ మార్చారు. నెల గడిచినా ఒక్క లేజరూ పోలేదు.

మేనేజరు మాత్రం తన రిపోర్టుకు రాసిన సవరణలో కారణం 'సమాచార లోపం' అని రాసి ఆమె సంతకానికి పంపాడు. ఆ మాట ఉన్నంతవరకూ పెట్టనంది. మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి 'నా ఆదేశం మీదే పొడవు తీగ వేశారు' అని వచ్చింది. అప్పుడు పెట్టింది. అయినా కారిడార్‌లో ఆయన ఎదురుపడితే ఇప్పటికీ ఆమె మొహం కందగడ్డే.