ఇంటి సర్వరు, ఇంటావిడ

పార్థసారథికి రెండు విషయాల్లో రాజీ లేదు. మన ఫొటోలూ ఫైళ్లూ ఎవరో కంపెనీవాళ్ల కంప్యూటర్లలో కాదు, మన ఇంట్లోనే ఉండాలన్నది మొదటిది. కాఫీలో పాలు పోయడమంటే కాఫీని అవమానించడమేనన్నది రెండోది. సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో ఉద్యోగం. ఆఫీసులో వినేవాళ్లు లేక, ఈ రెండూ టాంపినీస్‌లోని ఫ్లాట్‌కొచ్చి భార్య సత్యవాణికి చెప్పేవాడు.

ఆ ఫ్లాట్‌లో బాంబులు పడితే తలదాచుకోవడానికని కట్టిన చిన్న కాంక్రీటు గది ఉంది. అందరిళ్లలో అందులో బియ్యం మూటలూ సూట్‌కేసులూ ఉంటాయి. వీళ్లింట్లో ఫొటోలూ ఫైళ్లూ దాచే కంప్యూటరు పెట్టె, అదే సర్వరు, ఉండేది. బియ్యం మంచం కిందికి చేరింది.

“ఈ సర్వరును నడిపేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎవరి సొత్తూ కాదు వాణీ. ఎక్కడెక్కడి వాళ్లో ఊరికే రాసిపెట్టారు. వచ్చే నెల నుంచి నేనూ ఏదో ఒకటి రాసిస్తాను,” అనేవాడు, చిన్న త్రాసు మీద కాఫీ గింజలు తూస్తూ.

“ఏ సంవత్సరం వచ్చే నెలండీ?” అనేది సత్యవాణి, తన ఫిల్టర్ కాఫీలో పాలు పోసుకుంటూ. ఆవిడ ఒక షిప్పింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేది.

ఒక ఆదివారం పొద్దున పార్థసారథి ఆఫీసు శిక్షణ కోసం మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. ఆయన గాల్లో ఉండగానే టాంపినీస్‌లో ఉరుములతో వాన పడింది. ఇంట్లో కరెంటు ట్రిప్ అయింది. సత్యవాణి స్విచ్ పైకి నెట్టింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మూలిగింది. సర్వరులో మాత్రం ఒక్క ఫైలూ కనిపించలేదు.

“అమ్మా, నా స్కూల్ ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది. టుమారో సబ్మిట్ చెయ్యాలి,” అంది కూతురు ప్రణవి. “నా ఫ్రెండ్స్‌వి అన్నీ ఆన్‌లైన్‌లో సేఫ్. మనది మాత్రం బాంబ్ షెల్టర్‌లో, లా.” చివరి ‘లా’ సింగపూర్ బడి నేర్పింది.

భర్త రోజూ టిఫిను తింటూ చదివే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల చర్చావేదిక సత్యవాణికి గుర్తొచ్చింది. అక్కడ చేరి రాసింది: “ఇది మా వారు పెట్టిన సర్వరు. ఆయన విమానంలో ఉన్నారు. కరెంటు పోయి వచ్చాక ఫైళ్లు కనబడటం లేదు. నాకేమీ తెలియదు.”

మొదటి జవాబు, “మాన్యువల్ చదవండి.” రెండోది పోలండ్ నుంచి మారెక్ అనే ఆయన రాశాడు. “కంగారు పడకండి. ఆ పెట్టెకు ఒక కీబోర్డూ, ఒక తెరా తగిలించగలరా?”

తల్లీకూతుళ్లు సర్వరును హాల్లోకి మోసుకొచ్చి టీవీకి తగిలించారు. అది పాస్‌వర్డ్ అడిగింది. అవసరమైతే తనకిష్టమైన ఇథియోపియా కాఫీ పేరు కొట్టమని పార్థసారథి ఎప్పుడో చెప్పాడు. పేరు తెలుసు గాని, దాని స్పెల్లింగ్ ఎవరికి తెలుసు? ప్రణవి వంటింటి సొరుగులోంచి ఖాళీ ప్యాకెట్ వెతికి తెచ్చింది. రెండోసారికి తలుపు తెరుచుకుంది.

కరెంటు వచ్చాక ఫైళ్లున్న పెద్ద డిస్కు సర్వరుతో మళ్లీ జతకూడలేదని, అంతకు మించి ఏమీ కాలేదని మారెక్ తేల్చాడు. ఆయన పంపిన కమాండును ప్రణవి ఒక్కో అక్షరం చదివింది, సత్యవాణి కొట్టింది. ఫైళ్లన్నీ వచ్చేశాయి.

సత్యవాణి కృతజ్ఞతలు చెప్పి ఊరుకోలేదు. “మీ మాన్యువల్ చూశాను. అది సర్వరు పెట్టినవాళ్లకే అర్థమవుతుంది. ఇంట్లో మిగిలినవాళ్ల సంగతేమిటి?” అని రాసింది.

“నిజమే. మీరే రాయరాదూ?” అన్నాడు మారెక్.

ఆయన వేళాకోళమాడుతున్నాడేమో అనుకుంది. కానీ వాన తగ్గలేదు, ప్రణవి ప్రాజెక్టులో మునిగింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పే పద్ధతిలో, ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఏం ముట్టుకోకూడదో రాసి పంపింది.

మెల్‌బోర్న్‌లో శిక్షణ మధ్యలో పార్థసారథి పేరున్న కాఫీ దుకాణానికి వెళ్లి, కప్పు ముందు పెట్టుకుని చర్చావేదిక తెరిచాడు. మాన్యువల్లో కొత్త పేజీ కనిపించింది. ‘సర్వరు పెట్టినవారు ఇంట్లో లేనప్పుడు’. రాసినవారు సత్యవాణి, సింగపూర్. కింద ఎందరివో కృతజ్ఞతలు. అన్నీ చదివేసరికి కాఫీ చల్లారిపోయింది. గర్వపడాలో ఉడుక్కోవాలో తెలియక ఇంటికి ఫోన్ చేశాడు.

“నాకు చెప్పలేదేం?”

“కరెంటు పోయిందనీ, బాగైందనీ చెప్పాను కదా. తక్కినది మీరు రోజూ చెప్పేదే చేశాను,” అంది సత్యవాణి. “అన్నట్టు, పాస్‌వర్డ్ మార్చాను. ప్యాకెట్ మీద ఉన్న పేరు పాస్‌వర్డేంటండీ?”

“కొత్తదేంటి?”

“వచ్చాక చెబుతాలెండి.”

తిరిగొచ్చాక పార్థసారథి కూడా కూర్చుని ఆ పేజీకి ఒక భాగం జతచేశాడు. చాలా పొడుగ్గా వచ్చింది. పేజీ రాసినవాళ్లు చూసి సరేననాలన్నది అక్కడి రివాజు. భోజనాల బల్లకు అవతలి వైపు కూర్చున్న సత్యవాణి దాన్ని తిప్పి పంపింది. “ఇది ఎవరికోసం రాశారు?” అన్న ఒక్క ప్రశ్నతో.

ఆ పూటంతా ఆయన మూతి ముడుచుకున్నాడు. మర్నాడు నాలుగు వాక్యాలకు కుదించాడు. ఆవిడ సరేనంది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల దగ్గర, పక్క సీటు బషీర్‌కు ఫోన్ చూపిస్తూ, “ఓపెన్ సోర్స్‌లో నేనూ రాయడం మొదలుపెట్టాను,” అన్నాడు పార్థసారథి.

బషీర్‌ది హైదరాబాద్. తెరను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. “అచ్ఛా భాయ్, పైన భాభీ పేరుంది. నీది ఏడ ఉంది?”

“కిందికి జరుపు,” అన్నాడు పార్థసారథి. “ఇంకా కిందికి.”