తోక చెప్పిన ‘ఆపు’

మగావరీ సగం జీవితం రోడ్ల మీదే గడిచింది కానీ, ముందున్న రోడ్డు మాత్రం అతనికి ఎప్పుడూ కనబడేది కాదు. అతను బరువుల బండికి తోక.

ఓడలోంచి పెద్ద క్రేను దించిన బాయిలరునో, ట్రాన్స్‌ఫార్మరునో వరసలు వరసలుగా చక్రాలున్న బండి మీద పెట్టి, లారీకి తగిలిస్తారు. లారీ నడిపేవాడు తల. బండి చివర, కోడిగూడంత రేకుల కాబిన్‌లో కూర్చుని వెనక చక్రాలను తిప్పేవాడు తోక. మధ్యలో కొండంత సరుకు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. వాకీటాకీలో తల ఎటు ఎంత అంటే అటు అంత తిప్పాలి. పక్కన ఏముందో, వెనక ఏముందో తోకకి కనిపిస్తుంది. ముందు ఏముందో తల చెప్పాలి.

ఏళ్ల తరబడి ఆ తల దసూకీ. హజ్‌కి వెళ్ళొచ్చాడు కాబట్టి అందరికీ హాగ్. నోరు మూసుకోవడం తెలియని మనిషి. సూయెజ్ దగ్గరి అదబియా రేవులో బండి కదిలింది మొదలు చేరే దాకా ఆ గొంతు ఆగేది కాదు.

“ఒరే తోకా, కుడివైపు పుచ్చకాయల బండి వస్తోంది. అమ్మేవాడి మీసం చూడు, అచ్చం మీ మామగారి మీసం.”

కాసేపటికి ఆ పుచ్చకాయల బండి మగావరీ పక్కకి వచ్చేది. అతను చూసి నవ్వేవాడు. “మా మామగారికి మీసం ఎక్కడిది హాగ్?”

“ఉంటే నీకు పిల్లనిచ్చేవాడా!”

అలా ప్రతి రోడ్డూ ముందు చెవిలో పడి, తరవాత కంటికి కనబడేది. భార్య పోయాక కూడా మగావరీకి ఇల్లు ఖాళీ అయిందని అంతగా తెలియలేదు. సూయెజ్‌లో అద్దెగది ఉండేది, పడుకోవడానికి. మాటలకు రోడ్డు ఉండేది.

పోయిన చలికాలం దసూకీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పడిపోయింది.

కొత్త తల వాయిల్. చిన్నవాడు, పనిమంతుడు. “ఎడమ రెండు. తిన్నగా. కుడి ఒకటి.” ఇంకో మాట లేదు. ఒకసారి మగావరీయే ఉండబట్టలేక అడిగాడు.

“ముందు ఏముంది నాయనా?”

“రోడ్డుంది బాబాయ్.”

మళ్ళీ అడగలేదు.

మగావరీ ఒకరోజు దసూకీని చూడటానికి వాళ్ళ ఊరు కఫ్ర్ షాహీన్ వెళ్ళాడు కూడా. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అలా కూర్చోవడం ఇద్దరికీ అలవాటు లేదు. మగావరీ టీ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, దసూకీ భార్య ఉమ్ రదాకి సలాం చెప్పి వచ్చేశాడు. చెప్పాలనుకున్నవన్నీ బస్సు ఎక్కాక గుర్తొచ్చాయి. బండి మీద ఉండి ఉంటే ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి కదా అనిపించింది.

అందుకే ఈ శుక్రవారం సరుకు కఫ్ర్ షాహీన్ మీదుగా పోతుందని తెలియగానే ఉమ్ రదాకి కబురు పంపాడు. ‘పొద్దున్నే హాగ్‌ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టు. మేం వస్తున్నాం.’

బయలుదేరే ముందు ఫూల్ పప్పులో రొట్టె ముంచుకుని తింటూ వాయిల్‌ని అడిగాడు.

“హాగ్ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆపుతావా?”

“ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపా బాబాయ్, ఇంటింటికీ ఆగడానికి? కరెంటు వాళ్ళు తీగలు ఎత్తిపట్టుకుని నిలబడతారు. జుమా నమాజు వేళకి కాలువ వంతెన దాటకపోతే ముందు జీపులో వచ్చే ఆ పోలీసాయన నన్ను నమిలి మింగుతాడు.”

“ఒక్క నిమిషమేరా.”

“సెలవు పెట్టి వెళ్ళు. టీ కూడా ఇస్తారు.”

మగావరీ చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ రోజు సరుకు ఎరువుల ఫ్యాక్టరీ బాయిలరు. మినారును పడుకోబెట్టినట్టుంది. కాబిన్ వెనక దిష్టికి కట్టిన పసిపిల్ల బూటు ఒకటి వేలాడుతోంది. దసూకీ మనవరాలిది. మనిషి నడక వేగంతో బండి కదిలింది.

కఫ్ర్ షాహీన్‌లో జనం డాబాల మీదికెక్కారు. ఒకావిడ పరుపు దులుపుతూ పైనుంచి కేకేసింది.

“ఏమయ్యా వెనకాయనా! ఆ గొట్టంలో మీ ఆవిణ్ణి దాచి తీసుకెళ్తున్నావా?”

పక్క డాబా మీద వాళ్ళు పకపకా నవ్వారు. మగావరీ కూడా నవ్వాడు. దసూకీకి చెబుదామని వాకీటాకీ మీట నొక్కాడు. నొక్కాక గుర్తొచ్చి వదిలేశాడు.

“ఏంటి బాబాయ్?” అన్నాడు వాయిల్.

“ఏం లేదు.”

“కుడి రెండు.”

మలుపు తిరుగుతుంటే ఆ ఇల్లు కనబడింది. వాకిట్లో కుర్చీ, కుర్చీలో నీలం రంగు పొడుగు అంగీ, గలాబియా, ఒళ్ళో దుప్పటి. దసూకీ సగమైపోయాడు. లారీ అతని ముందు నుంచి పోయింది. చక్రాలు వరస వెంట వరస పోయాయి. అతని తల మెల్లగా తిరుగుతూ, చివరికి కాబిన్ దగ్గర ఆగింది. ఎడమచెయ్యి లేచింది. పెదవులు కదిలాయి. ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో!

తోకకి ఒకే ఒక్క మాట మీద హక్కు ఉంది. ఆ మాట ‘ఆపు’. తలకి కనబడనిది తోకకి కనబడుతుంది కాబట్టి, తోక ఆపు అంటే తల ముందు బ్రేకు వేస్తాడు, తరవాతే ఎందుకని అడుగుతాడు. “అది బిడ్డ మీద ఒట్టులాంటిదిరా, ఊరికే పెట్టకూడదు” అని మగావరీకి నేర్పింది దసూకీయే.

కుర్చీ పక్కకి వచ్చింది. ఇంకొంచెం ఉంటే వెనకబడిపోతుంది.

“ఆపు!” అన్నాడు మగావరీ.

చక్రాలన్నీ ఒక్కసారిగా మూలిగాయి. బండి నిలిచిపోయింది. మగావరీ కిందికి దూకి, పరుగున వెళ్ళి దసూకీ ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది. కానీ దసూకీ అతన్ని చూడటం లేదు. చక్రాల కింద చూస్తున్నాడు. గోడ మూల చూశాడు. పైన తీగలు చూశాడు. అప్పుడు మగావరీ వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు, ఏమైందని.

“ఏం లేదు హాగ్. నిన్ను చూద్దామని ఆపాను.”

దసూకీ తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఇంతలో వాయిల్ బండి పొడవునా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వంగి చక్రాల కింద చూస్తున్నాడు. “ఏమైంది బాబాయ్? ఎవరు? ఎవరు పడ్డారు?”

ఆ ముఖం చూశాక మగావరీ నోటికి నిజం రాలేదు.

“చిన్నపిల్ల... చక్రం దగ్గరికి వచ్చింది. పారిపోయింది.”

వాయిల్ అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు. తరవాత లేచి మగావరీ తల మీద ముద్దు పెట్టుకున్నాడు. “నీ కళ్ళు చల్లగుండ బాబాయ్. నాకూ ఉంది ఆ ఈడుది. నా ఇల్లు నిలబెట్టావు.”

దసూకీ కళ్ళు మూసుకున్నాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఉమ్ రదా టీ పళ్ళెంతో గడప దాటేసరికి మగావరీ కాబిన్ ఎక్కేస్తున్నాడు.

బండి ఊరు దాటింది. వాకీటాకీ గరగరమంది.

“బాబాయ్, ఎడమవైపు నారింజ తోటలు మొదలయ్యాయి. ముందు ఒక గాడిద పోలీసు జీపుకి అడ్డంగా నిలబడింది. ఆయన హారన్ కొడుతున్నాడు, అది తోక ఊపుతోంది.”

చలికాలం తరవాత మొదటిసారి రోడ్డు ముందుగా చెవిలో పడింది. కాసేపటికి గాడిద పక్కకి వచ్చింది. వాయిల్ చెప్పినట్టే ఉంది. మగావరీకి నవ్వు రావాలి. రాలేదు.

వాయిల్ ఆగడం లేదు. తన కూతురు లోజైన్‌కి పాలపళ్ళు ఊడాయట. చెప్పులు ఎప్పుడూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుంటుందట. “నువ్వూ ఏదన్నా చెప్పు బాబాయ్. నేనే వాగుతున్నాను.”

“వింటున్నా నాయనా.”

ఇలాగే ఉండిపోతే చాలు. నిజం ఎవరు చెబుతారు? దసూకీకి మాట లేదు. ఉమ్ రదా చెప్పదు. రేపు, ఎల్లుండి, ప్రతి రోడ్డూ ఇలాగే చెవిలో పడుతుంది.

“తియ్యనీటి కాలువ వంతెన వచ్చేసింది” అన్నాడు వాయిల్. వంతెన మీద బరువు ఉండగా ఇంకెవరూ ఉండకూడదు. వెంట నడిచేవాళ్ళందర్నీ పోలీసులు గట్టు మీద ఆపేశారు. తలా, తోకా, మధ్యలో బాయిలరు, అంతే. “నాకేం భయం, వెనక నీ కళ్ళున్నాయిగా. నువ్వు ఆపు అంటే గాలిలోనైనా ఆపేస్తా.”

మగావరీకి దసూకీ వెనక్కి తీసుకున్న చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. మీట నొక్కాడు.

“వాయిల్.”

“చెప్పు బాబాయ్.”

“పిల్ల లేదు.”

“ఏ పిల్ల?”

“ఇందాకటి పిల్ల. చక్రం దగ్గర ఎవరూ లేరు. హాగ్‌ని చూడాలనిపించి ఆపు అన్నాను.”

వెనక బూటు ఊగి ఊగి నిలిచింది. బండి వంతెన ముందు ఆగిపోయింది. మగావరీ స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండు.

“తిన్నగా” అంది గొంతు.

బండి వంతెన ఎక్కింది. కింద నీళ్ళు ఆకుపచ్చగా మెల్లగా పోతున్నాయి. “ఎడమ ఒకటి. తిన్నగా.” అవతలి గట్టు వచ్చింది.

దాటాక బండిని పక్కకి పెట్టి అందరూ నమాజుకి చాపలు పరిచారు. వాయిల్ నీళ్ళ సీసా తెచ్చి మగావరీకి ఇచ్చాడు. కూర్చోలేదు.

“నువ్వు ఆపు అంటే ఇకముందు కూడా ఆపుతాను బాబాయ్. అది నా పని.” ఇంకా ఏదో అనబోయి, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఆయనకి ఎలా ఉంది?”

“చెయ్యి వెచ్చగానే ఉంది.”

వాయిల్ తల ఊపి, వెళ్ళి ముందు వరసలో నిలబడ్డాడు. మగావరీ చివరి వరసలో నిలబడ్డాడు.

నమాజు అయ్యాక బండి మళ్ళీ కదిలింది.

“కుడి రెండు.”

కుడి రెండు తిప్పాడు. నారింజ తోటలు అయిపోయి ఇసుక మొదలైందని, ఆ ఇసుక పక్కకి వచ్చాకే అతనికి తెలిసింది.