లాండ్రీ మలుపులో కెమెరా

నేను పళ్ళు మోస్తాను. నవ్వకండి. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబుకీ, ఊళ్ళో పళ్ళ డాక్టర్లకీ మధ్య రోజంతా మోటార్‌సైకిల్ మీద తిరగడం నా ఉద్యోగం. తోటి బండివాళ్ళు నన్ను పళ్ళన్న అంటారు. అక్కడ కుర్చీలో ఎవరో నోరు తెరుచుకుని కూర్చుని ఉంటారు, ఇక్కడ నేను సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఉంటాను. అందుకే ఖాళీ రోడ్డు దొరికితే బండి లాగించేస్తాను. లాగించాలంటే స్పీడ్ కెమెరాలు ఎక్కడున్నాయో తెలియాలి.

దానికో యాప్ ఉంది. హెల్మెట్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, కెమెరా ఇంకా మూడు వందల మీటర్లు ఉందనగా "ముందు కెమెరా ఉంది, నలభై దాటకండి" అని ఒకావిడ చెబుతుంది. మా ఆవిడ మాట వినని వాణ్ణి ఈవిడ మాట ఠక్కున వింటానని ఇంట్లో దెప్పుళ్ళు. ఆ కెమెరాల జాబితా తయారుచేసేది మేమే. కొత్తది కనబడితే ఎవరైనా పెట్టొచ్చు. దాటాక ఫోన్లో "కెమెరా ఉందా?" అని అడుగుతుంది. ఉంది, లేదు, రెండే బటన్లు. ముగ్గురు "లేదు" నొక్కితే అది జాబితాలోంచి పోతుంది.

ఈ విషయంలో నేను మహా నిక్కచ్చి. నాలుగు వందల పన్నెండు సార్లు నొక్కాను, ఒక్కటీ తప్పు కాదు. నా పేరు పక్కన యాప్ వాళ్ళు నక్షత్రం పెట్టారు. టీ కొట్టు దగ్గర ఎవరికి అనుమానం వచ్చినా "పళ్ళన్న ఏమన్నాడు?" అని అడుగుతారు. చదువు అబ్బని నాకు దక్కిన పరువు అదొక్కటే, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

అలాంటి నాకు లాండ్రీ మలుపులో దొంగ కెమెరా తగిలింది. వెడల్పాటి రోడ్డు, పగలంతా ఖాళీ. చెవిలో ఆవిడ హెచ్చరించగానే బ్రేకు వేసి చూస్తే స్తంభం లేదు, పెట్టె లేదు. ఇటు ఒక లాండ్రీ, అటు ఒక సిమెంటు బెంచీ, అంతే. "లేదు" నొక్కాను. గుడ్లు సరఫరా చేసే తమ్ముడి చేతా, కొరియర్ బావగారి చేతా నొక్కించాను. పోయింది. మర్నాటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీయించాం, మళ్ళీ వచ్చింది.

"ఎవడో మనతో ఆడుకుంటున్నాడన్నా," అని గుడ్ల తమ్ముడు ఎగదోశాడు. వెనక ట్రేలకొద్దీ గుడ్లు కట్టుకుని డెబ్బైలో పోయే రకం వాడు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ పెట్టేవాళ్ళ ఖాతా మూసేయమని యాప్ వాళ్ళకి ఫిర్యాదు రాశాను. నక్షత్రం ఉన్నవాడి మాట కదా, సాయంత్రానికల్లా మూసేశారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు నాలుగింటికి ఒక పళ్ళసెట్టు పట్టుకుని అదే దారిన వచ్చాను. చెవిలో ఆవిడ నోరు మెదపలేదు. అరవై అయిదులో మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఒక పెద్దాయన!

రెండు బ్రేకులూ నొక్కేశాను. వెనక చక్రం జారింది. బండి ఆయన మోకాలికి జానెడు దూరంలో ఆగింది. పళ్ళ డబ్బా ఎగిరి రోడ్డు మీద పడింది.

ఆయన మాత్రం బెదరలేదు. మడత నలగని నీలం యూనిఫాం, చేతిలో సంచీ.

"మలుపులో హారన్ కొట్టాలని ఎవరూ నేర్పలేదా నీకు? నా వెనక నలభై మంది ప్రయాణికులున్నారు. వాళ్ళకేమైనా అయితే ఎవరిదయ్యా పూచీ?" అన్నాడు.

ఆయన వెనక ఎవరూ లేరు.

లాండ్రీలోంచి ఒక పెద్దావిడ పరిగెత్తుకొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, బెంచీ మీద కూర్చోబెట్టి, నా దగ్గరికొచ్చి "దెబ్బ తగిలిందా నాయనా?" అంది. కాస్త ఉంటే ఆవిడ మొగుణ్ణి చంపేసేవాణ్ణి. ఆవిడేమో నా దెబ్బల గురించి అడుగుతోంది.

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. ఇప్పుడు మతి నిలవట్లేదు. పొద్దుట్నుంచీ బుద్ధిగానే ఉంటారు, నాలుగయ్యేసరికి డ్యూటీ అంటారు. డిపోకి వెళ్ళే బండి ఇదివరకు ఆ బెంచీ దగ్గరే ఆగేది. గడియ పెడితే తలుపుకేసి తల బాదుకుంటారు. చెయ్యి పట్టుకుని నేనే దాటిస్తాను కానీ, ఇస్త్రీ మధ్యలో ఉండి ఒక్క నిమిషం ఏమరితే చాలు, ఇదిగో, ఇలా వచ్చేస్తారు."

"స్పీడ్ బ్రేకర్ వేయమని అడగలేదా పెద్దమ్మా?"

"మున్సిపల్ ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. ఇక్కడ యాక్సిడెంట్లేమీ కాలేదుగా అన్నారు. అయ్యాక రమ్మని కాబోలు! ఇక మా మనవరాలు ఫోన్లో ఏదో పెట్టిచ్చింది. కెమెరా అంటే చాలు, అందరూ నెమ్మదిగా వెళ్తున్నారు. అబద్ధమే నాయనా, కాదనను. ఎవరో తీసేస్తారు, నేను మళ్ళీ పెడతాను. నిన్నట్నుంచి పెట్టనివ్వట్లేదు. ఎవరో మహానుభావుడు ఫిర్యాదు చేశాడట."

నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పకుండా వెళ్ళిపోదామనిపించింది కూడా.

"ఆ మహానుభావుణ్ణి నేనే పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ తిడితే బాగుండేది. వంగి రోడ్డు మీది డబ్బా తీసి, మూత తెరిచి చూసి, దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"విరగలేదు. ఎవరి పళ్ళో పాపం, వెళ్ళి ఇచ్చెయ్యి."

మలుపు దాటాక బండి పక్కకి ఆపాను. ఫోను తీసి "కొత్త కెమెరా" దగ్గర వేలు పెట్టాను. నాలుగు వందల పన్నెండు నిజాలు గుర్తొచ్చాయి. నొక్కాను.

నొక్కానే గానీ భయం పట్టుకుంది. ముగ్గురు "లేదు" అంటే పోతుంది. మా బండివాళ్ళకి ఈ అలవాటు నేర్పిందే నేను. నాకూ ఖాతా మూసేస్తే ఆవిడకి ఇంక దిక్కెవరు? మావాళ్ళకి చెబుదామంటే, దొంగ కెమెరా పెట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మూడు రోజులు టీ కొట్టు ఛాయలకి పోలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఉండబట్టలేక వెళ్ళాను. గుడ్ల తమ్ముడూ, కొరియర్ బావగారూ, ఇంకో అయిదారుగురూ ఉన్నారు. బెంచీ చివర కూర్చుని, మెల్లిగా ఫోను తెరిచి లాండ్రీ మలుపు మీద నొక్కాను.

"ఉంది" అన్నవాళ్ళు పంతొమ్మిది మంది. "లేదు" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. తలెత్తేసరికి గుడ్ల తమ్ముడు టీ ఊదుకుంటున్నాడు.

"ఏరా, లాండ్రీ మలుపులో..." అన్నాను.

"ఉంది కదన్నా," అన్నాడు వాడు నా మొహం చూడకుండా. "నిన్న నాలుగింటికి ఆ సిమెంటు బెంచీ పక్కన బండి ఆపి మరీ చూశాను."